పొద్దుగూకే యాళ్లకు దుప్పుల ఫొటోలు: అన్నీ మసకనే వస్తున్నయ్, లెన్స్ మార్చాల్నా?

మసక_మనిషి
మాది హన్మకొండ. వీలు దొరికినప్పుడల్లా పాకాల, తాడ్వాయి అడవుల దిక్కు పోతుంట. కెమెరా నికాన్ డీ7500, లెన్స్ సిగ్మా 150-600. ఎండల పిట్టల ఫొటోలు మంచిగనే వస్తయ్, దుప్పుల కాడికి వచ్చేసరికే ఆగమైతున్న. అవి చెట్లల్లకెల్లి బయటపడేదే పొద్దుగూకే యాళ్లకు. మొన్న పాకాల చెరువు అంచుకు పెద్ద మంద దిగింది. అండ్ల ఒక పోతు ఉన్నది, కొమ్ములు చూస్తె కండ్లు పక్కకు తిప్పబుద్ధి కాలే. కార్డు నిండ కొట్టిన. ఇంటికొచ్చి కంప్యూటర్ల ఏసి చూస్తే ఒక్కటి పనికొచ్చేది లేదు. ఒంటి మీది తెల్ల చుక్కలన్నీ అడ్డం సాగి గీతలైనయ్.

సెట్టింగులు చెప్త: 600 జూమ్ దగ్గర ఎఫ్/6.3 (ఈ నంబరు చిన్నగైతే లెన్స్‌లకు వెల్తురు ఎక్కువ వస్తది), షట్టర్ సెకన్ల 1/80 వంతు, ఆటో ఐఎస్‌ఓ (తక్కువ వెల్తురును కెమెరా ఎంత పెంచి చూపాలె అన్న నంబరు). గ్రెయిన్ (ఫొటో మీద ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తదని పై హద్దు 1600 పెట్టుకున్న. చేతిల పట్టుకొనే తీసిన, ఓఎస్ (చెయ్యి వణుకును ఆపే లెన్స్ ఏర్పాటు) ఆన్ల ఉన్నది.

లెన్స్ మార్చాల్నా, బాడీ మార్చాల్నా, ఈ దుప్పుల సోకే ఇడిసిపెట్టాల్నా?

ఐఎస్‌ఓ_తాత
1600 హద్దు పెట్టుమని ఎవరు చెప్పిన్రు నీకు? 6400 దాక ఇడువు. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెల్తురు రెట్టింపు) కలిసొస్తయ్, 1/80 ఉన్నది 1/320 అయితది. గ్రెయిన్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్ల తగ్గించుకోవచ్చు. కదిలిన బొమ్మను నిలవెట్టుడు ఎవని తరం కాదు.

టేకాకు
జర ఆగున్రి, ముందు రోగమేందో చూద్దాం. మసక_మనిషి, ఆ ఫొటోను నూరు శాతం పెద్దగ చేసి దుప్పి కాళ్ల కింది గడ్డిని చూడు. గడ్డి పోచలు కూడ అదే దిక్కు సాగినయంటే ఊగింది నీ చెయ్యి. గడ్డి ఎట్లున్నది అట్లనే ఉండి చుక్కలే సాగితే కదిలింది దుప్పి. రెండిటికీ మందు వేరు.

మసక_మనిషి
చూసిన అన్నా. కొన్నిట్ల గడ్డి సుత సాగింది. కొన్నిట్ల గడ్డి మంచిగనే ఉన్నది, దుప్పి మూతి, చెవులే గల్లంతు.

టేకాకు
అయితే రెండూ ఉన్నయ్ నీకు. ఓఎస్ నీ చెయ్యి వణుకుకే పనిచేస్తది. దుప్పి మెడ తిప్పితే అదేం జేస్తది? మేసేటప్పుడు మూతి, చెవులు ఒక్క క్షణం ఆగయ్. మేసే దుప్పికి నేను 1/250 కిందికి దిగ. తలెత్తి బిగుసుకపోయి చూస్తున్నదనుకో, కెమెరా దేని మీదన్న ఆనిచ్చి ఉంటే 1/100 తోటి కూడ నడుస్తది. అందుకే తలెత్తంగనే వరుసగ కొట్టుడే. నీ డీ7500 సెకనుకు ఎనిమిది తీస్తది, అండ్ల ఒక్కటన్న నిలుస్తది. ఇగ ఉరికేదానికి 1/1000 గావాలె. ఆ వెల్తురుల అది అయ్యే పని కాదు, కెమెరా కిందికి దించి కండ్లతోని చూస్కో.

లెన్స్_పిచ్చోడు
ఇవన్నీ పైపై మందులు. ఎఫ్/6.3కు చీకటికి పొత్తు కుదరదు. 400 ఎఫ్/2.8 పట్టుకున్నోనికి దొరికే వెల్తురుల ఐదో వంతు దొరుకుతది మీకు. అడవిల ఫొటో అంటే గాజుకు పైసలు పెట్టాల్సిందే. ఇయ్యాల కాకుంటే రేపు పెడ్తరు.

జీతం_చాలదు
ఆ లెన్స్ పైసలతోని మా దిక్కు ప్లాటుకు అడ్వాన్స్ కట్టొచ్చు. ఇంట్ల చెప్పి కొనాల్నా, చెప్పకుండ కొనాల్నా, అది సుత చెప్పరాదే.

లెన్స్_పిచ్చోడు
చెప్పకుండనే. డబ్బా మాత్రం దోస్తు ఇంట్ల పెట్టు.

రిటైర్డ్_ఫిజిక్స్
లెన్స్_పిచ్చోడు గారి లెక్క సరైనదే. 6.3ని 2.8తో భాగించి వర్గం చేస్తే ఐదు చిల్లర వస్తుంది. కానీ ఆయన చెప్పనిది ఇంకోటి ఉంది. ఆ లెన్స్ మూడు నాలుగు కిలోల బరువు ఉంటుంది. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న జంతువును 400లో ఎఫ్/2.8తో తీస్తే ఫోకస్‌లో ఉండేది అడుగు లోతు కూడా కాదు. ముట్టె మీద పడితే కన్ను పోతుంది, భుజం మీద పడితే మొహమంతా పోతుంది. మసక వెలుతురులో ఫోకస్ అసలే తడబడుతుంది కదా.

మధ్యే మార్గం కావాలంటే సెకండ్‌హ్యాండ్‌లో 300 ఎఫ్/4 చూడండి. నికాన్‌లో పీఎఫ్ అనే తేలిక రకం కిలో కూడా ఉండదు. ఎఫ్/6.3 కంటే రెండున్నర రెట్లు వెలుతురు. మీ బాడీలో సెన్సర్ చిన్నది కాబట్టి అది 450 లాగా చూపిస్తుంది.

మసక_మనిషి
సారూ, చెరువు కాడ అవి వంద మీటర్ల పైమాటే. 450 ఏం సరిపోతది?

రిటైర్డ్_ఫిజిక్స్
సరిపోదు. దూరంగా ఉన్నదాన్ని దూరంగానే తీయండి. నీళ్లు, వెనక గుట్ట, అంచున మంద. వేలిగోరంత దుప్పి ఉన్నా మంచి ఫొటో అవుతుంది. ప్రతి దుప్పికీ పాస్‌పోర్టు ఫొటో తీయాలని రూలేం లేదు.

అవతలి_ఒడ్డు
సారు చెప్పిన చివరి మాటకు నా ఓటు. మాది జగిత్యాల, ఇప్పుడు జర్మనీల ఉంటున్న. ఇక్కడోళ్లు ఎర్ర జింకల వీడియోలు పెడ్తరు, 'సూర్యాస్తమయం తర్వాత గంట కూర్చోండి' అని. అవి చూసి మనోళ్లు మోసపోతరు. ఇక్కడ ఎండాకాలంల పొద్దు ఏటవాలుగ దిగుతది, మునిగినంక కూడ వెల్తురు చానాసేపు ఉంటది. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. అక్కడ పొద్దు దాదాపు నిట్టనిలువుగ పడిపోతది. మునిగిన ఇరవై ఇరవై రెండు నిమిషాలకు అంతా ఖతం. ఆ ఇరవై నిమిషాలల్ల వెల్తురు దాదాపు వందో వంతుకు పడిపోతది, అంటే సగటున మూడు నాలుగు నిమిషాలకు ఒక స్టాపు పోయినట్టే.

ఇప్పుడు లెక్క ఏసుకోండి. ఎఫ్/6.3 నుంచి ఎఫ్/2.8కు పోతే రెండు స్టాపుల మీద కొంచెం. మన దగ్గర దాంతోని మీకు ఎక్కువ దొరికేది ఏడెనిమిది నిమిషాలు, అంతే. లక్షలు పెట్టి కొనేది ఆ ఏడెనిమిది నిమిషాలనే.

జీతం_చాలదు
అమ్మో. నిమిషానికి ఎంత పడ్తదో లెక్క కట్టబోయి ఆగిపోయిన.

లెన్స్_పిచ్చోడు
అక్కా, లెక్క ఒప్పుకుంట. కానీ కణుజు (సాంబర్ జింక) బయటికొచ్చేది ఆ ఏడెనిమిది నిమిషాలల్లనే. చుక్కల దుప్పి వెల్తురు ఉండంగనే కనవడ్తది, కణుజు అట్ల కాదు, చీకటి జీవి. గడ్డి అంచుకు వచ్చి ఒక కాలు ఎత్తి నిలవడ్తది చూడు, అప్పుడు మీ ఎఫ్/6.3లు మీటర్ కూడ చూపియ్యవ్.

అవతలి_ఒడ్డు
అది నిజమే. కణుజు పిచ్చి ఉన్నోళ్లు కొనుక్కోండి మరి. 😄 దుప్పులకైతే మాపటికంటె పొద్దుగాలనే నయం. మాపటీలి ప్రతి నిమిషం వెల్తురు పోతనే ఉంటది, పొద్దుగాల ప్రతి నిమిషం పెరుగుతది. రాత్రంత మేసిన మంద ఇంకా బయటనే ఉంటది. మీరు కదలకుండ కూసుంటే వెల్తురే మీ దగ్గరికి వస్తది.

జన్నారం_జీపు
నేను కవ్వాల్ దిక్కు జీపు నడుపుత. ఫొటోలు తీయరాదు గానీ తీసేటోళ్లను రోజూ చూస్త. ఒక్క మాట. పెద్ద పెద్ద కెమెరాలు తెస్తరు, ఇంజన్ బందు చెయ్యుమని మాత్రం అడగరు. డీజిల్ బండి ఆగి ఉన్నా డోర్ మీద చెయ్యి పెడ్తే జిల్లుమంటది. ఇంజన్ బందు అయినంక కూడ ఎనకసీట్ల ఒకరు చిప్సు ప్యాకెట్ తీస్తరు, ఇంకొకరు లేసి నిలవడ్తరు. బండి ఊగుతనే ఉంటది. ఫొటో తీసేటాయన నా దిక్కు చూస్తడు.

డోర్ రాడ్ మీద బీన్ బ్యాగ్ ఏసి దాని మీద లెన్స్ పెట్టుకున్రి. స్టాండు లోపల పట్టది, పక్కోళ్ల కాళ్లకు తాకుతది. ఫోకస్ పడంగ టిక్కుమనే బీప్ బందు పెట్టున్రి. ముందల చిన్న లైటు ఒకటి వెలుగుతది కదా, అది సుత. ఆ టిక్కుకే చెవులు ఇటు తిప్పుతయ్.

నడిజాము
లైటు ముచ్చట వచ్చింది గాబట్టి అడుగుతున్న. మంచి టార్చి ఏసి తీస్తే ఏమైతది? ఏటూరునాగారం రోడ్డు మీద రాత్రి కారు లైట్లకు కండ్లు మెరుసుకుంట మస్తు కనవడ్తయ్. ఎర్ర లైటు అయితే వాటికి కనవడది అంటరు కదా.

బీట్_నడక
తమ్మి, ఈ పని మాత్రం చెయ్యకు. ఆ అడవిలనే అటవీశాఖ పనిల చానా ఏండ్లు బీట్ తిరిగిన, గందుకే గట్టిగ చెప్తున్న.

రాత్రిపూట అడవిల లైటు కనవడ్డదంటే మా మనుసుల మొట్టమొదట మెదిలేది వేటనే. లైటు కొడ్తే జంతువు కండ్లు చెదిరి నిలవడిపోతది, వేటగాండ్లు చేసేదే అది. నువ్వు కెమెరా పట్టుకున్నవా, తుపాకి పట్టుకున్నవా, ఉచ్చు పెడ్తున్నవా అన్నది దూరంకెల్లి ఎవనికి తెలుస్తది? కరెంటు తీగలు పెట్టేటోళ్లు సుత ఉన్నరు, చీకట్ల దారి తప్పి తీగ మీద కాలేస్తే మనిషి సుత పోతడు.

ఇగ చట్టం ముచ్చట. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంల ఫొటోలకు పర్మిట్ ఇస్తరు. 2022ల సవరించినప్పుడు, ఆవాసం మార్చకుండ, జంతువులకు ఇబ్బంది కాకుండ తియ్యాలె అని అండ్లనే రాసిన్రు. టార్చి కొట్టుడు ఇబ్బంది కాకపోతే మరేంది? ఆ 163 నంబరు రోడ్డు అడవి నడుమకెల్లి పోతది. దాని మీద బండి ఆపి హైబీమ్ కొట్టుడు దుప్పికే కాదు, ఎనక వచ్చే లారీకి నీకు సుత మంచిది కాదు.

ఇంకోటి చెప్త. పొదలల్ల దుప్పి పిల్ల ఒక్కతే ముడుచుకొని పండుకొని కనవడ్తే, తల్లి లేదు పాపం అని దగ్గరికి పోతున్రు. తల్లి మేతకు పోయింది, దాపి పోయింది. మీ వాసన పట్టుకొని కుక్కలొస్తయ్. దూరం జరుగున్రి.

రిటైర్డ్_ఫిజిక్స్
బీట్_నడక గారికి నమస్కారం. ఎర్ర లైటు సంగతి నేను చెప్తాను. జింకల కంట్లో రంగులు గ్రహించే కణాలు రెండు రకాలే, మనకు మూడు. ఎరుపు వాటికి సరిగా అందదు గానీ పూర్తిగా కనిపించకుండా పోదు. బలమైన ఎర్ర లైటు మసకగా కనబడుతుంది. పైగా రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, వచ్చిన కాంతిని మళ్లీ రెటీనా మీదికే తిప్పి కొడుతుంది. నడిజాము గారు చూసిన మెరుపు దానిదే. అందుకే టార్చి వేసి తీసిన ఫొటోలో కన్ను ఉండదు, రెండు బల్బులు ఉంటాయి. దాన్ని ఫొటో అనడం కూడా కష్టమే.

నడిజాము
సరే సారూ, సరే బీట్ అన్నా. అడిగినంతే, కొట్టలే.

నల్లబొగ్గు
మల్ల అసలు ముచ్చటకు వద్దాం. నేను కాంపెన్సేషన్ (ఫొటో వెల్తురును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ ఒకటి పెట్టి తీస్త. షట్టర్ దొరుకుతది. ఇంటికొచ్చినంక కంప్యూటర్ల వెల్తురు లేపుకుంట.

ఐఎస్‌ఓ_తాత
లేపుడంటే గ్రెయిన్ లేపుడే గదా. నీడలల్ల ఎరుపు, ఊదా మచ్చలు తేలుతయ్. తీసేటప్పుడే ఐఎస్‌ఓ పెంచు.

నల్లబొగ్గు
రా ఫైలు (కెమెరా దిద్దని అసలు ఫైలు) తీసుడు నేర్చుకో తాతా, తర్వాత మాట్లాడుదాం.

రిటైర్డ్_ఫిజిక్స్
ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. గ్రెయిన్ వచ్చేది ఐఎస్‌ఓ వల్ల కాదు, వెలుతురు తక్కువ పడటం వల్ల. డీ7500 లాంటి సెన్సర్ మీద రా ఫైలు తీసి, 1600ను రెండు స్టాపులు లేపినా, నేరుగా 6400లో తీసినా తేడా బహు స్వల్పం. జేపెగ్ తీసేవాళ్లకే తేడా. కానీ మైనస్ పెట్టడానికి ఇంకో మంచి కారణం ఉంది. వెనక అడవి నల్లగా ఉంటుంది కాబట్టి మీటరు మొత్తం దృశ్యాన్ని పగలులా చేయబోతుంది. దుప్పి గొంతు కింద తెల్లటి మచ్చ ఉంటుంది చూశారా, అది ముందు తెల్లబోయి వివరం లేకుండా పోతుంది. మైనస్ పెడితే అది నిలుస్తుంది, షట్టరూ పెరుగుతుంది.

టేకాకు
సారు చెప్పినదానికి నాదొకటి. మాపటేళ ఫొటో మాపటేళ లెక్కనే ఉండాలె. ఇప్పుడు అందరు పొద్దుగూకినంక తీసిందాన్ని లేపి లేపి పన్నెండు గంటల ఎండ చేస్తున్నరు. నీలి నీలిగ, దుప్పి వీపు మీద జరంత వెల్తురు, చుక్కలు కనవడీ కనవడనట్టు ఉంటే ఏం పోయింది?

గోదారి_గట్టు
ఫోకస్ సంగతి ఎవరు చెప్తలేరు. డీ7500ల 51 పాయింట్లు ఉన్నా, క్రాస్ టైపువి (అడ్డం గీతలను, నిలువు గీతలను రెండిటినీ పట్టేటివి) నడుమ 15ఏ. మసకల అంచు పాయింట్లు పెడ్తే లెన్స్ ముందుకు ఎనకకు ఉరుకుడే. నడిమి పాయింట్ కన్ను కింద పెట్టి లాక్ చేసి, తర్వాత కొంచెం జరుపుకో. అది సుత కాకుంటే పోతు కొమ్ము ఆకాశానికి అడ్డమొచ్చే కాడ పట్టు, తేడా ఉన్న కాడనే ఫోకస్ దొరుకుతది.

చలికాలం గోదారి దగ్గర మంచు ఉంటది. మంచుల ఇవేవి పనిచెయ్యవ్, చేతితోని తిప్పుకునుడే.

పాకాల_పిట్ట
చెరువు కాడ అయితే ఇంకో తరీక. ఒడ్డు నల్లబడ్డంక కూడ నీళ్ల మీద ఆకాశం వెల్తురు ఉంటది. దుప్పి నీళ్లకు అడ్డం వచ్చేటట్టు కూసో. ఎక్స్‌పోజర్ నీళ్లకు పెట్టు, దుప్పి నల్లటి నీడ. అప్పుడు ఐఎస్‌ఓ 800 తోనే అయిపోతది. కాకపోతే నాలుగు కాళ్లు విడివిడిగ కనవడాలె, కొమ్ములు ఎనకాల చెట్టుల కలవొద్దు. పక్క దుప్పితోని కలిసిపోతే ఆరు కాళ్ల జంతువు తయారైతది. ఎనిమిది వందల ఏండ్ల కింద, 1213ల, గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు. అసొంటి నీళ్లు ఎనకాల ఉండంగ లక్షల లెన్స్ ఎందుకు?

లెన్స్_పిచ్చోడు
అందరు కలిసి నా లెన్స్ అమ్మిచ్చేటట్టున్నరు.

జీతం_చాలదు
అమ్మితే చెప్పు. డబ్బా దోస్తు ఇంట్లనే ఉన్నది గదా.

తాడ్వాయి_తమ్ముడు
2024 ఆగస్టు 31 గాలివానకు మా దిక్కు వేల చెట్లు ఒరిగినయ్ కదా, తాడ్వాయికి మేడారానికి నడుమ. అండ్ల కొన్ని జాగలల్ల ఇప్పుడు పైన కప్పు లేదు, గడ్డి మొలిచింది. పక్కన చెట్ల కింద చీకటి అయినా ఆ ఖాళీ జాగల కొంచెంసేపు ఎక్కువ వెల్తురు ఉంటది. చూసి బాధయితది గానీ ఉన్న మాట చెప్పిన. లోపలికి నడిచి మాత్రం పోవద్దు, పర్మిట్ లేకుంటే బీట్ అన్న లెక్కనే ఎవరో ఒకరు పట్టుకుంటరు.

ఇంకోటి, ఇప్పపువ్వు రాలే దినాలల్ల తెల్లారకముందే చెట్ల కిందికి దుప్పులొస్తయ్. కానీ మావోళ్లు సుత అప్పుడే పువ్వు ఏరుకోను పోతరు. వాళ్లు ఏరుకునే చెట్టు కాడ మీరు కెమెరా పెట్టుకొని కూసుంటే వాళ్ల పని ఆగుతది. ముందుగాల అడిగి కూసోండ్రి.

జన్నారం_జీపు
ఎండాకాలంల సాసర్ పిట్లు (జంతువులు తాగేతందుకు కట్టిన సిమెంటు గుంతలు) చూస్కోరి. అధికారులు నీళ్లు పోపిస్తరు, మాపటికి మంద తప్పకుండ వస్తది. నీళ్లు తాగేటప్పుడు తల కిందికి ఉంటది గానీ గుక్కకోసారి లేపి చూస్తది. కొట్టాల్సింది అప్పుడే.

నల్లబొగ్గు
సిమెంటు గుంత వస్తది కదా ఫ్రేముల.

జన్నారం_జీపు
దుప్పికి లేని నామోషీ మనకెందుకన్నా.

జీతం_చాలదు
బీన్ బ్యాగుల ఏం నింపుతరు? నేను బియ్యం పోసిన, మా ఇంట్ల లొల్లి అయింది.

గోదారి_గట్టు
బియ్యం బరువు, వానకు తడిస్తే ముక్కుతయ్. జొన్నలు పోస్తే కోతులు చించుతయ్. థర్మాకోల్ గుండ్లు తేలికగ ఉంటయ్ గానీ పెద్ద లెన్స్ కింద అణిగిపోతయ్. నేను శనగలు పోస్త. ఆకలైతే అవే.

టేకాకు
నానవెట్టని శనగలు నమిలి పన్ను ఇరగ్గొట్టుకుంటవ్. 😂

మసక_మనిషి
అందరికి చెప్తున్న. పోయిన ఆదివారం పొద్దుగాల పోయిన. ఐఎస్‌ఓ హద్దు 6400, షట్టర్ 1/250, మైనస్ 0.7, కారు డోర్ మీద సంచి. ఫొటో కింద పెట్టిన చూడున్రి. చుక్కలు చుక్కల్లెక్కనే వచ్చినయ్. గ్రెయిన్ ఉన్నది, కానీ ఫోన్ల చూస్తే తెలుస్తలేదు.

లెన్స్_పిచ్చోడు
ఫోకస్ కన్ను మీద లేదు, భుజం మీదున్నది. చెప్పొద్దనుకున్న గానీ ఊకోబుద్ధి కాలే.

ఐఎస్‌ఓ_తాత
నాకైతే మంచిగనే ఉన్నది. ఇంకొంచెం నలుపు చెయ్యి.

టేకాకు
ఎడమ దిక్కు గడ్డిల రెండు చెవులు ఉన్నయ్ చూసినవా? పిల్ల అనుకుంట. కట్ చేసేటప్పుడు దాన్ని తీసెయ్యకు.

మసక_మనిషి
నేను చూడనే లేదన్నా! ఇప్పుడు కనవడ్డది. భుజం మాట కూడ నిజమే. ఎనకకెల్లి గాలి కొట్టి కారు ఊగింది అని చెప్పుకుంట.

పాకాల_పిట్ట
వచ్చే ఆదివారం నేను పోతున్న. నర్సంపేట మీదుగ, నాలుగున్నరకు బయల్దేరాలె. కారుల రెండు సీట్లు ఉన్నయ్.

గోదారి_గట్టు
వానలు మొదలైనయ్, కారుల ఏసీ ఎయ్యకు. చల్లగైన లెన్స్ బయటి ఉక్కకు తీయంగనే ముందు అద్దమంతా తేమ పడ్తది, తుడిచినా మల్ల పడ్తది.

పాకాల_పిట్ట
ఏసీ లేదు, చెడిపోయింది. కిటికీలు తీసుకొని పోవుడే. పెట్రోలు పంచుకోవాలె. చిప్సు ప్యాకెట్లు తేవద్దు.

జీతం_చాలదు
ఒక సీటు నాది.